చార్మినార్ దగ్గర షాపు ముందుభాగం బాగు చేయించుకోవాలంటే

లాడ్ బజార్ నుంచి ఈ మధ్య ఒకాయన వచ్చి, "షాపు ముందు రిపేరుకు గవర్నమెంటు గ్రాంటు ఇస్తుందట కదా?" అని అడిగాడు. ఫారం ఖర్చులని ఎవరికో అప్పటికే డబ్బు ముట్టజెప్పాడు. ఆ డబ్బు తిరిగి వస్తుందని నేను చెప్పలేకపోయాను. అసలు చార్మినార్ పక్కన ఇటుక కదపాలంటే, పెట్టుబడి కన్నా ముందు కావాల్సింది అనుమతి.

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలిచేది హద్దు నుంచి, మినార్ నుంచి కాదు. 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కుదరదు, ఉన్నదానికి రిపేరు మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. మున్సిపాలిటీ కాగితం చేతిలో ఉన్నా ఈ అనుమతి విడిగా తీసుకోవాల్సిందే. లేకపోతే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫొటోలు, కొలతలతో డ్రాయింగ్, యాజమాన్యం కాగితాలు పెట్టడం పెద్ద కష్టం కాదు. చట్టం ప్రకారం అడగాల్సింది బిల్డింగు ఓనరు. కాబట్టి అద్దెకున్నవాళ్లు ముందు ఆయన్ను ఒప్పించుకోవాలి.

ఎక్కువమంది ఆగిపోయేది ఒక్క తేదీ దగ్గర: 1992 జూన్ 16. నిషేధిత ప్రాంతంలో బిల్డింగు ఆ రోజుకు ముందే ఉందని కాగితంతో చూపించాలి. "మా తాత కాలం నుంచి గాజులమ్ముతున్నాం" అంటే సరిపోదు. ట్రేడ్ లైసెన్సు వ్యాపారం సంగతి చెబుతుంది, గోడల వయసు చెప్పదు. పాత ఇంటిపన్ను రసీదులు, అప్పట్లో మంజూరైన ప్లాను, పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు వెతకండి. దస్తావేజు పోయిందా? కంగారు పడకండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తాయి. అందులో దస్తావేజు నంబరు దొరికితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. ఆ నకలులో "మల్గీ" (షాపు గది) అనో, పైకప్పు వివరమో రాసి ఉంటే మీ పంట పండినట్టే. ఉత్త ఖాళీ జాగా అని ఉంటే దానికి తోడు పన్ను రసీదు కావాలి. డోర్ నంబరు మధ్యలో మారి ఉంటే పాతదీ కొత్తదీ ఒకటేనని చూపే కాగితం కూడా జతచేయండి. ఇది మర్చిపోయి తిరిగొచ్చినవాళ్లను చూశాను.

ఇంకో మాట. డ్రాయింగ్ వేసే ఇంజనీరు అలవాటు కొద్దీ "పునర్నిర్మాణం" అని రాసేస్తాడు. చట్టం లెక్కలో అది రిపేరు కిందికి రాదు. ముందుగోడ కూల్చి మళ్లీ కడతామన్నా అదే తంటా. సున్నం, తలుపులు, షట్టరు, పగిలిన రాయి, ఏది బాగుచేస్తారో అదే రాయించండి.

దరఖాస్తు అందుకున్న అధికారి దాన్ని 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి. వాళ్లు తమ అభిప్రాయం చెప్పడానికి రెండు నెలలు, ఆ తర్వాత ఆ అధికారి తుది నిర్ణయానికి ఒక నెల. వారంలో తెచ్చిస్తానన్నవాడికి పైసా ఇవ్వకండి. రంజాన్ బేరాల నాటికి షాపు తయారుగా ఉండాలంటే కనీసం ఐదు నెలల ముందే మొదలుపెట్టండి. నింపేది ఎవరైనా, దరఖాస్తులో ఫోన్ నంబరు మాత్రం మీదే ఉండాలి.