పేపర్ కారు బానెట్ మడత పడకుండా వంగాలంటే

అట్ట కత్తిరించే ముందే దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొంచెం వంచి చూడండి. ఒక వైపు మెత్తగా వంగుతుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. మెత్తగా వంగే వైపే బానెట్, టాప్ వంపులు వచ్చేట్టు ఆ అట్ట మీద కారు భాగాల ప్రింట్ తీసుకోండి. ఇది తెలీక 1:24 అంబాసిడర్‌కు (అసలు కారులో 24వ వంతు, పొడవు సుమారు 18 సెంటీమీటర్లు వస్తుంది) మూడు బానెట్లు పాడు చేసుకున్నా. అన్నీ అప్పడం విరిగినట్టు చారలే.

మడత గీతలకు బ్లేడు వద్దు, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్కేలు ఆనించి గీయండి.

మా అనంతపురం ఎండలకు ఫ్యాన్ కింద ఫెవికాల్ ఇట్టే పొర కట్టేస్తుంది. ఫ్యాన్ ఆపి, అగ్గిపుల్లతో ఒక్కో అంచుకే రాసి అతికించండి. చెమట చేతులు మాత్రం తుడుచుకోండబ్బా, ఇంక్‌జెట్ రంగు వేళ్లకే వచ్చేస్తుంది.