మంచిదో చెడ్డదో తేల్చలేని పూజారిణిని రాయడం ఎలా?

ఫాంటసీ కథలో పూజారిణి అనగానే కలం రెండు వైపులకే పరుగెత్తుతుంది: దీవించే సాధ్వి, బలి అడిగే క్షుద్రురాలు. ఈ ఇద్దరినీ చెరిసగం కలిపితే సంక్లిష్టమైన పాత్ర పుడుతుందనుకోవద్దు. పొద్దున అనాథలకు అన్నం పెట్టి, రాత్రి ఒకరికి విషమిచ్చే మనిషి పాఠకుడికి ఇద్దరు మనుషులుగానే కనిపిస్తుంది. మంచీ చెడూ ఒకే పనిలో, వీలైతే ఒకే మాటలో ఉండాలి.

కథ అల్లకముందే తేల్చుకోవలసింది, ఆమె తన దేవతను నమ్ముతుందా లేదా అన్నది. నమ్మి తీరాలని నేనంటాను. నమ్మకం లేని పూజారిణి అబద్ధం చెబితే అది మోసం, అంతే. నమ్మిన మనిషి దేవత పేరు మీద అబద్ధమాడితే అది ఆమె లెక్కలో మహాపాపం. తెలిసి తెలిసి ఆ పాపం తలకెత్తుకుందంటే ఎందుకో తెలుసుకోవాలని పాఠకుడు పేజీ తిప్పుతాడు.

ఇక దేవత సంగతి. ఫాంటసీలో దేవతలు నిజంగా మాట్లాడగలరు, చిక్కంతా అక్కడే. దేవతే దిగివచ్చి తీర్పు చెప్పేస్తే సందిగ్ధానికి చోటుండదు. అందుకని ఆమె ఎప్పుడు మాట్లాడుతుంది, ఎవరికి వినిపిస్తుంది, దానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది అన్న నియమాలు ముందే రాసిపెట్టుకోండి. పర్షియా మీదికి వెళ్లమంటారా అని లిడియా రాజు క్రీసస్ అడిగిస్తే, వెళితే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని పూజారిణి నోట దేవుడి పలుకు వినిపించే గ్రీకు ఆలయం డెల్ఫీ నుంచి జవాబు వచ్చిందని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కూలింది క్రీసస్ సామ్రాజ్యమే. పూజారిణి అబద్ధమాడిందని ఎవరనగలరు? నేను రాస్తున్న సిరీస్‌లో నదీదేవత వరదకు ముందు ఒకే ఒక్క పదం పలుకుతుంది. దాన్ని వాక్యంగా మార్చేది పూజారిణి. 'పడమర' అని వినిపిస్తే, పడమటి గట్టు తెంచమని చెబుతుంది. నగరం బతుకుతుంది, పడమటి పల్లె మునుగుతుంది. దేవత అడిగింది అదేనా? పూజారిణికీ తెలియదు.

పదవి ఆమెకు ఏమిస్తుందో, ఏం లాక్కుంటుందో కూడా కచ్చితంగా ఉండాలి. ప్రాచీన రోమ్‌లో వెస్టా దేవత సేవకు చిన్న ఆడపిల్లలను తీసుకునేవారు, వాళ్లను వెస్టల్ కన్యలనేవారు. సేవాకాలం 30 ఏళ్లు. పెద్ద పెద్దవాళ్ల వీలునామాలు వాళ్ల దగ్గర భద్రంగా ఉండేవి. కన్యావ్రతం తప్పితే సజీవంగా పాతిపెట్టేవారు. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ఒక నియమం నాకు ఎంతో ఇష్టం: మరణశిక్షకు తీసుకుపోతున్న ఖైదీకి వెస్టల్ కన్య ఎదురుపడితే అతని ప్రాణం దక్కుతుంది. అయితే ఆ ఎదురుపడటం అనుకోకుండా జరిగిందని ఆమె ప్రమాణం చేయాలి. కావాలనే ఆ దారిన వచ్చి ఉంటే? కాపాడిన ప్రాణమూ తప్పుడు ప్రమాణమూ ఒకే అడుగులో ఉన్నాయి. మీ లోకానికీ ఇలాంటి నియమం ఒకటి కల్పించండి. దాని నుంచే అధ్యాయాలు పుడతాయి.

ఆమె తప్పటడుగుకు లంచం కారణం కాకూడదు, అంతకంటే బలహీనమైన కారణం లేదు. స్పార్టా రాజు క్లియోమినీస్ తన సహపాలకుడు డెమరాటస్‌ను దించడానికి డెల్ఫీలో పలుకుబడి గల కోబోన్‌ను చేరదీశాడు. డెమరాటస్ అసలు పాత రాజుకు పుట్టినవాడే కాడని పలికేలా కోబోన్ అక్కడి పూజారిణి పెరియాల్లాను ఒప్పించాడు. గుట్టు బయటపడి ఆమె పదవి పోయింది. ఒప్పించాడంటాడు హెరొడోటస్, ఏం చెప్పి ఒప్పించాడో చెప్పడు. నవలాకారుడికి చోటు అక్కడే ఉంది. భయపెట్టాడా? ఆలయానికి ఆపద ఉందన్నాడా? లేక అది నిజమేనని ఆమె నమ్మిందా? మూడోది ఎంచుకుంటే పాత్ర లోతు పెరుగుతుంది.

నష్టపోయినవాళ్లకు పేరూ ముఖమూ ఇవ్వండి. పడమటి పల్లెను 'మునిగిన ఊరు' అని వదిలేస్తే పాఠకుడు ఆమెను తేలిగ్గా క్షమించేస్తాడు. అందుకే అక్కడ పడవలు కట్టే ఒక ముసలావిడను మొదటి పుస్తకంలో మూడు అధ్యాయాల పాటు నడిపించాను. పూజారిణికి ఈత నేర్పింది ఆమే.

పూజారిణిని ఏకాంతంలో ఏడిపించకండి. ఆ కన్నీళ్లు పాఠకుడి తీర్పును ముందే లాగేసుకుంటాయి. గట్టు తెగిన మర్నాడు ఆమె పూజను ఏ లోపమూ లేకుండా చేయనివ్వండి. అది భక్తో బండతనమో చదివేవాళ్లు వాదించుకుంటారు. ఆమె వాదనను మొదట ఆమె శత్రువు నోట వినిపిస్తే ఇంకా బలంగా ఉంటుంది.

సిరీస్ కాబట్టి ఫలితాలను సాగదీసే వీలుంది. మొదటి పుస్తకంలో పని, రెండోదానిలో దానివల్ల బతికినవాళ్ల సుఖం, మూడోదానిలో పల్లె నుంచి బయటపడ్డవాళ్ల రాక. ఆ అధ్యాయాలను ఇద్దరికి విడివిడిగా చదివించండి. ఇద్దరూ ఒకే తీర్పు చెబితే తూకం ఒకవైపు ఒరిగినట్టే, మళ్లీ రాయాలి. చివర్లో మాత్రం ఆమెను త్యాగమరణంతో సాగనంపకండి. చావు అన్ని బాకీలనూ కొట్టేస్తుంది. ఆమె పదవిలోనే ఉండాలి, మళ్లీ వరద రావాలి, ఈసారి గట్టు మీద పడమటి పల్లె వాళ్లు కూడా నిలబడి ఆమె చెప్పే వాక్యం కోసం ఎదురుచూడాలి.