కాల్‌లో "యస్" అనే ముందు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా, జర్మనీ, జపాన్ వాళ్లతో పనిచేసేవాళ్లు గ్రామర్ కన్నా ముందు సరిచేసుకోవాల్సింది "యస్" అనే మాట. మనం వింటున్నామని చెప్పడానికి "యస్ యస్" అంటాం, అవతలి అమెరికన్ మేనేజర్ మాత్రం శుక్రవారానికి పని అయిపోతుందని రాసేసుకుంటాడు. జపాన్ వాళ్ల "హై" కూడా చాలాసార్లు ఊ కొట్టడమే, ఒప్పుకోవడం కాదు. కాబట్టి కాల్ అవ్వగానే ఎవరు, ఏం, ఎప్పటికి చేయాలో మూడు లైన్ల మెయిల్ పెట్టండి.

అసలు చిక్కు మన మొహమాటంతోనే. గడువుకి కుదరదని తెలిసినా "ఐ విల్ ట్రై" అంటాం. మన టీమ్ లీడ్‌కి అది కాదనడమేనని అర్థమవుతుంది, బయటివాళ్లకి కాదు, అందుకని "బుధవారానికి సగం ఇస్తాను, మిగతాది సోమవారం" అని తేదీతో సహా ఇంగ్లీషులో చెప్పేయండి, అది అమర్యాద కానే కాదు. అలాగే జర్మన్ సహోద్యోగి "దిస్ ఈజ్ రాంగ్" అంటే టెన్షన్ పడకండి, సాధారణంగా అది పని గురించే.

"ఐ హావ్ ఎ డౌట్" బదులు "క్వశ్చన్" అనండి. డౌట్ అంటే వాళ్లకి అనుమానం. "డూ ద నీడ్‌ఫుల్" మానేసి ఏం కావాలో రాయండి. 05/06 మనకి జూన్ 5, అమెరికాలో మే 6, నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. న్యూయార్క్‌తో తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అక్కడ గడియారాలు మార్చేది మార్చిలో, నవంబర్‌లో, అప్పుడు మీటింగ్ టైమ్ మళ్లీ చూసుకోండి.