ఇంటి అక్వేరియం, ఆరవ పాఠం: వేడెక్కిన తొట్టిని చల్లబరచడం

కిందటి పాఠంలో తొట్టికి థర్మామీటరు అంటించి, పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి అంకె రాసిపెట్టమన్నాము. చెన్నైలో అగ్నినక్షత్రం అనే మండుటెండల రోజులు మొదలుకొని మన రోహిణీ కార్తె దాటేదాకా ఆ మధ్యాహ్నపు అంకె చాలా ఇళ్ళలో 33, 34 చూపిస్తుంది. గప్పీలు, టెట్రాలు, ఏంజెల్ చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వరకు హాయిగా ఉంటుంది. డిస్కస్ అయితే 30 వద్ద కూడా కులాసాగా తిరుగుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప కనుక, చెన్నై కొళత్తూరులోని రంగుచేపల అంగళ్ళలో ఎంత ముద్దుగా కనిపించినా, ఈ ఊరి వేసవికి అది తగినది కాదనే నా అభిప్రాయం. ఇప్పటికే పెంచుతున్నవారు ఈ పాఠాన్ని రెండుసార్లు చదవాలి.

ముందుగా చేపలను చూడండి. అవి నీటి పైభాగానికి చేరి, మొప్పలు వేగంగా కొట్టుకుంటూ, నోటితో పైపొరను గుటకలు వేస్తున్నట్టు కనిపిస్తే, వాటిని ఆ క్షణాన బాధిస్తున్నది వేడికన్నా ఎక్కువగా గాలి కొరత. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 34 డిగ్రీల వద్ద అది 7 దగ్గరే ఆగిపోతుంది. సరిగ్గా అదే సమయంలో వేడివల్ల చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి దానికి మరింత ఆక్సిజన్ కావలసివస్తుంది. అందుచేత మొదటి పని మంచు కోసం ఫ్రిజ్ తెరవడం కాదు, గాలి పెంచడం. ఎయిర్ పంపు పూర్తి జోరులో పెట్టండి. ఫిల్టరు నుంచి నీరు వచ్చే మూతిని పైకి తిప్పి, నీటి పైపొర ఎడతెగకుండా చెదురుతూ ఉండేలా చూడండి. ఫైటర్ చేప, గౌరామి మామూలుగానే పైకి వచ్చి గాలి పీలుస్తాయి కనుక వాటిని చూసి ఈ నిర్ణయానికి రాకూడదు.

తరువాత తొట్టిలోకి వేడి ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలి. పడమటి కిటికీ ఎండకు తెర వేయండి, లైటు ఆర్పండి. హీటరు ఉంటే, వేడిని అదుపుచేసే దాని థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా వెలుగుతూ ఉండవచ్చు. ముందు ప్లగ్గు తీసి, హీటరును పావుగంటసేపు నీటిలోనే ఉంచి, చల్లారాకే బయటికి తీయండి; వేడిమీద తీస్తే దాని గాజు గొట్టం పగలవచ్చు. తొట్టిలో చేయి పెట్టే ముందు మిగిలిన ప్లగ్గులు కూడా తీసివేయడం మరువకండి. మూత తీసివేస్తే ఆవిరి బయటికి పోతుంది, కానీ కొన్ని చేపలు ఎగిరి పడతాయి కనుక దాని స్థానంలో దోమతెర గుడ్డ బిగించి కట్టండి.

ఇక చల్లబరచడానికి అన్నిటికన్నా నమ్మదగిన సాధనం చిన్న టేబుల్ ఫ్యాను. మట్టికుండలో నీరు చల్లబడినట్టే ఇక్కడా ఆవిరి తనతో వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి. బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే, నూరు లీటర్ల తొట్టిని అది ఐదు డిగ్రీలకు పైగానే దించగలదు. గది వేడి ఎప్పటికప్పుడు లోపలికి చేరుతూ ఉంటుంది కనుక నిజానికి రెండు మూడు డిగ్రీలే దక్కుతాయి. గాలిలో తేమ ఎక్కువైన చెన్నైలో ఆ ఫలితం బెంగళూరులో వచ్చినంత రాదు, అయినా చాలావరకు అదే సరిపోతుంది. ఫ్యానును నీటి పైపొర మీదుగా ఏటవాలుగా గాలి వీచేలా, తొట్టిలో పడే వీలు లేకుండా బిగించి, దాని తీగను ప్లగ్గుకన్నా కిందికి వేలాడేలా వదలండి. అప్పుడు తీగ వెంట జారిన నీటిచుక్క ప్లగ్గు చేరక నేలమీదే పడుతుంది.

ఫ్యాను చాలనప్పుడే మంచు సీసా. సీసా బయటివైపు సబ్బు వాడకుండా కడిగి, మంచు కట్టినప్పుడు వ్యాకోచించడానికి చోటు వదిలి నీరు నింపి, గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో తేలనివ్వండి. ఎంత మంచు అనేదే ఇక్కడ కీలకం. కిలో మంచు కరిగి తొట్టి వేడికి చేరేలోపు సుమారు 110 కిలోకేలరీలను పీల్చుకుంటుంది. అంటే తొట్టి నీటిలో నూటికి ఒక పాలు మంచు వేస్తే దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. నూరు లీటర్ల తొట్టికి కిలో, ఇరవై లీటర్ల తొట్టికి 200 గ్రాములు. అదే కిలో సీసాను ఇరవై లీటర్లలో వేస్తే ఐదు డిగ్రీలు ఒక్కసారిగా పడిపోతుంది. చేపకు అది 34 డిగ్రీల వేడికన్నా పెద్ద దెబ్బ, తెల్లమచ్చల రోగం తగులుకునేది కూడా తరచు ఇలాంటి కుదుపు తరువాతే. గంటకు ఒక డిగ్రీకి మించి దించకండి. మంచుగడ్డలను నేరుగా వేయకండి, వాటిలో కుళాయి నీటి క్లోరిన్ ఉండవచ్చు.

నీరు మార్చి చల్లబరచాలనుకునేవారు మిద్దెమీది ట్యాంకు సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం అందులోని నీరు తొట్టికన్నా వేడిగా ఉంటుంది. తెల్లవారుజామునే బకెట్లో పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, నీడన ఉంచి, ఆరో వంతుకు మించకుండా మార్చండి.

26కి దించితేనే తృప్తి అనుకోకండి. 34 నుంచి 30కి వచ్చి, చేపలు కిందికి దిగి నెమ్మదిగా ఊపిరి తీస్తుంటే ఆపవచ్చు. సాయంత్రం సముద్రపు గాలి మళ్ళాక గది దానంతటదే చల్లబడుతుంది కనుక, పడుకునే ముందు మంచు సీసా వేస్తే రెండు చలులు కలిసి మీరు నిద్రపోతుండగా నీరు అతిగా దిగిపోతుంది. ఆ రోజులలో మేత సగానికి తగ్గించండి. నీరు వేడెక్కినకొద్దీ, మిగిలిన మేత కుళ్ళి పుట్టే అమ్మోనియా మరింత విషమవుతుంది. కరెంటు పోయే వీధులవారు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

వచ్చే పాఠానికి అభ్యాసం: తొట్టి అద్దంమీద ఈ రోజు నీటిమట్టం దగ్గర చిన్న గీత గీసి, ఫ్యాను పెట్టిన వారంలో అది ఎన్ని వేళ్ళు దిగిందో రాయండి. ఆవిరయ్యేది నీరే కానీ అందులోని లవణాలు కావు కనుక, బోరు నీటితో మళ్ళీ మళ్ళీ నింపితే కాఠిన్యం పెరిగిపోతుంది. ఆ లోటును ఏ నీటితో, ఎంతెంతగా పూరించాలో ఏడవ పాఠంలో చూద్దాము.