నేల సర్వే పటానికీ పొలానికీ పొంతన కుదరనప్పుడు: సమస్యలు - పరిష్కారాలు

భూమిని కొనే ముందో, తోట వేసే ముందో నేల సర్వే (ఎక్కడ ఏ రకం మట్టి, ఎంత లోతు ఉందో పరిశీలించి పటం గీసే సర్వే) సమాచారాన్ని పరిశీలించేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒక్కటే: పటంలో రాసి ఉన్నది ఒకటి, గడ్డపారకు తగిలేది మరొకటి. అంతమాత్రాన పటం తప్పని పక్కన పడేయకూడదు. పొలంలో కనిపించిన దాన్ని కాదని పటాన్నే పట్టుకొని వేలాడనూ కూడదు. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకుంటే రెండూ పనికివస్తాయి.

సమస్య: పటంలో లోతైన నేల అని ఉంది, తవ్వితే మూరెడు లోతులోనే రాయి తగిలింది.

చాలా సందర్భాల్లో దీనికి కారణం పటం స్కేలు. 1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. పటంపై స్పష్టంగా గీయగలిగిన అతి చిన్న విస్తీర్ణం సుమారు 0.4 చదరపు సెంటీమీటర్లనుకుంటే, అది 10 హెక్టార్లతో, అంటే దాదాపు 25 ఎకరాలతో సమానం. రెండెకరాల రాతి దిబ్బ అందులో కనిపించే అవకాశమే లేదు. కంప్యూటర్ తెరపై పటాన్ని ఎంత పెద్దది చేసి చూసినా గీతలు పెద్దవవుతాయే గాని కొత్త వివరం చేరదు.

పరిష్కారం పటంతో పాటు ఇచ్చే వివరణలోనే మొదలవుతుంది. ఒక రంగుతో చూపిన ప్రాంతమంతా ఒకే నేల కాదు. అందులో ప్రధానమైన నేల ఎంత శాతం, మిగిలినవి ఏవి, అవి మెరకలో ఉంటాయా పల్లంలో ఉంటాయా అన్నది ఆ వివరణలో ఉంటుంది. దాన్ని చదివాక వాలు పైభాగాన, మధ్యలో, దిగువన ఆగర్‌తో (మట్టిని తొలిచి పైకి తీసే బర్మా లాంటి పనిముట్టు) ఒకటిన్నర మీటరు లోతు వరకు గాని, రాయి తగిలే వరకు గాని తవ్వి, ప్రతి పొర లోతు, రంగు, ఇసుక-బంకమట్టి పాళ్లు, గులకరాళ్లు రాసుకోవాలి. రెండు గుంటలు పొంతన లేకుండా వస్తే వాటి మధ్య మరొకటి తవ్వితే హద్దు ఎటు ఉందో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ మదింపులో ఇంతకు మించి విలువైన పని లేదు.

సమస్య: నీరు బాగా ఇంకే నేల అని సర్వే చెబుతోంది, వాన వెలిసిన మర్నాటికీ నీరు నిలిచే ఉంటోంది.

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు, వాటిని పారతో తవ్విన గుంట గోడే వేరు చేసి చూపిస్తుంది. 20-30 సెంటీమీటర్ల లోతులో కత్తి మొన దిగనంత గట్టిపొర ఉండి, వేర్లు అక్కడి నుంచి పక్కకు తిరిగి పాకుతూ, కింది మట్టి మాత్రం ఒకే ఎరుపు లేదా గోధుమ రంగులో ఉంటే, అది యంత్రాల బరువుకు, ఏటా ఒకే లోతున దున్నడానికి ఏర్పడిన పొర. నేల పొడిగా ఉన్నప్పుడు సబ్‌సాయిలర్‌తో (లోతు పొరను చీల్చే నాగలి) దాన్ని పగలగొట్టాలి. తడిగా ఉన్నప్పుడు దింపితే మట్టి పగలకుండా మెత్తుకుపోతుంది. అలా కాక, కింది మట్టి బూడిద రంగులో ఉండి తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే, ఆ పొర ఏటా చాలాకాలం నీటిలో నానుతోందన్నమాట. అక్కడ మురుగు కాలువలు తీయాలి, లేదా తడిని తట్టుకునే పంటనే ఎంచుకోవాలి. ఇదివరకే కాలువలు తీసిన భూమిలో ఆ మచ్చలు పాత తడికి గుర్తుగా మిగిలిపోవచ్చు కాబట్టి, వానాకాలంలో నీటిమట్టాన్ని స్వయంగా చూసి నిర్ధారించుకోవాలి.

సమస్య: సర్వేలో చౌడు ప్రస్తావన లేదు, పొలంలో పైన తెల్లని పొర కడుతోంది.

సర్వే జరిగిన తర్వాత సాగునీటి వల్ల భూగర్భ నీటిమట్టం పైకి వచ్చి, లవణాలు ఉపరితలానికి చేరి ఉండవచ్చు. పరీక్ష చేయించేటప్పుడు పద్ధతి గమనించాలి: నీటితో సంతృప్తపరిచిన మట్టి ముద్ద నుంచి తీసిన ద్రవంలో విద్యుత్ వాహకత (లవణాలు ఎంత ఉన్నాయో తెలిపే కొలత) 4 డెసీసీమెన్స్/మీటరు దాటితే పాల చౌడుగా, అంటే లవణాలు ఎక్కువైన నేలగా లెక్కిస్తారు, ఎక్కువ నీరు కలిపి చేసే పరీక్షలో అదే మట్టికి తక్కువ అంకె వస్తుంది గనుక ఆ రెంటినీ నేరుగా పోల్చరాదు. పాల చౌడుకు మురుగు పోయే దారి ఏర్పరచి మంచినీటితో కడగడమే మందు. మార్పిడి చెందే సోడియం (మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉండేది) 15 శాతం దాటిన కారు చౌడుకు జిప్సం కావాలి.

సమస్య: భూమి నాలుగో తరగతి అని ఉంది, సాగుకు పనికిరాదేమోనన్న సందేహం.

భూమిని దాని సామర్థ్యాన్ని బట్టి విభజించే ఎనిమిది తరగతుల్లో మొదటి నాలుగూ సాగుకు తగినవే. అంకె పక్కన ఉన్న అక్షరాన్ని చూడాలి: కోత, నీటి ముంపు, వేరు పెరిగే పొరలో లోపం, వాతావరణం — వీటిలో ఏది ఆటంకమో అది చెబుతుంది. నీటి ముంపును సరిచేసుకోవచ్చు, రాతిమీది పలుచని నేలను లోతు చేయలేము.

సమస్య: ఇంటి పునాదికి ఈ సమాచారం చాలుతుందా?

చాలదు. నేల సర్వే సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతు వరకే వివరిస్తుంది. ఉబ్బి కుంచించుకుపోయే బంకమట్టి ఉందన్న హెచ్చరికను అందులోంచి తీసుకొని, పునాది లోతున భారం మోసే శక్తికి వేరుగా పరీక్ష చేయించాలి.