నోటి క్యాన్సర్ ఉన్నవారికి ఆయాసం వస్తే కారణం ఎలా పసిగట్టాలి?

నోటి క్యాన్సర్ ఉన్న మనిషికి ఆయాసం రాగానే అందరి చూపూ ఊపిరితిత్తుల మీదికే పోతుంది. ముందు అనుమానించాల్సింది గొంతును. నాలుక మొదట్లో గడ్డ పెరిగినా, ఆపరేషన్, రేడియేషన్ తర్వాత వాపు వచ్చినా గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది.

1. శబ్దం వినండి

టీవీ ఆపేసి దగ్గరగా కూర్చోండి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు శబ్దం వస్తోందా? చొంగ మింగలేక కారిపోతోందా? పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? నోట్లోంచి రక్తం ధారగా వస్తోందా? వీటిలో ఏది ఉన్నా మిగతా పరీక్షలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. రక్తం వస్తుంటే ముందుకు వంచి ఉమ్మేయించండి.

గుట్కా వల్లో రేడియేషన్ వల్లో నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయి ఉంటే, ఆ సంగతి క్యాజువాలిటీ డాక్టరుకు మొదటే చెప్పాలి. అలాంటి నోట్లోంచి గొట్టం వేయడం కష్టం. మెడ దగ్గర దారి చేయడానికి వాళ్లు ముందే సిద్ధపడాలి.

2. ఊపిరి కోసం మెడకు గొట్టం వేసి ఉంటే అదే చూడండి

ఎండిన తెమడ అడ్డుపడి ఉండొచ్చు. లోపలి గొట్టం విడిగా వచ్చే రకమైతే దాన్ని తీసి, కడిగి, మళ్లీ పెట్టండి. బయటి గొట్టాన్ని కదపొద్దు. సక్షన్ చేయడం (తెమడను యంత్రంతో పీల్చేయడం) నేర్పి ఉంటే ఒక్కోసారి 10 సెకన్లు దాటనివ్వకండి. అప్పటికీ తేలికపడకపోతే 108.

3. ఎంతసేపట్లో మొదలైందో అడగండి

నిమిషాల్లో ముంచుకొచ్చి, ఛాతీ నొప్పి, ఒక పిక్క మాత్రమే వాపు ఉంటే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. ఇదీ అత్యవసరమే.

ఒకటి రెండు రోజుల్లో దగ్గు, జ్వరంతో వస్తే తింటున్నప్పుడు పొలమారుతోందేమో గమనించండి. ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. పొలమారినా దగ్గు రానివాళ్లూ ఉంటారు. తిన్నాక గొంతు తడితడిగా పలకడం వాళ్లలో ఒక గుర్తు. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.

వారాల తరబడి మెల్లగా పెరిగితే కారణం రక్తహీనత కావచ్చు, ఛాతీలో నీరు చేరి ఉండొచ్చు, చుట్ట బీడీల వల్ల వచ్చిన పాత ఊపిరితిత్తుల జబ్బూ కావచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లను ఈ లెక్కలోంచి వదిలేయకండి.

4. లెక్క రాసుకోండి

కదలకుండా కూర్చోబెట్టి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలే. 25 దాటితే ఆసుపత్రికి వెళ్లండి. ఆక్సిమీటర్ 92 కంటే తక్కువ చూపినా అంతే. అయితే ఆ యంత్రాన్నే నమ్ముకోకండి. రక్తహీనతలో అది 98 చూపిస్తూనే ఉంటుంది, మనిషి మెట్లెక్కలేడు. కింది కనురెప్ప లోపలి వైపు పాలిపోయిందేమో చూసి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గొంతు ఇరుకైనప్పుడు కూడా అంకె చివరి దాకా బాగానే ఉండొచ్చు.

5. డాక్టరును కలిసేలోపు

కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుట బల్ల మీద దిండు వేసి దాని మీదికి వాలమనండి. ముఖానికి నేరుగా ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి, ఇది నిజంగానే పనిచేస్తుంది. జబ్బు ముదిరినవాళ్లలో డాక్టరు రాసిన చిన్న మోతాదు మార్ఫిన్ ఆయాసాన్ని తగ్గిస్తుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోని పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) విభాగం వంటి చోట్ల దీని గురించి అడగవచ్చు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దు.