కార్నర్ పట్టు, కవర్ అడ్డు: కాలేజీ కబడ్డీ జట్టుకు డిఫెన్స్ నేర్పడం ఎలా

సంక్రాంతి పోటీల్లో ఆడి ఆ ఊపుతోనే గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చేరే కుర్రాళ్లకు దమ్మూ ఉంటుంది, పట్టూ ఉంటుంది. లేనిదల్లా పక్కవాడి కోసం ఒక్క క్షణం ఆగడం. రైడర్ కాలు అందేలా కనబడగానే ఒకడు దూకేస్తాడు, మిగతా ఆరుగురూ చూస్తూ నిలబడతారు. అందుకే మొదటి నెల పట్లు నేర్పడం మీద కాకుండా, ఒకడు పట్టాక మిగతావాళ్లు ఎటు కదలాలన్న దాని మీద పెట్టండి. కార్నర్ (చివర నిలబడేవాడు) ఆపాలి, కవర్ (మధ్యలో ఉండి దారికి అడ్డుపడేవాడు) పని ముగించాలి.

ముందు గీతలు టేపుతో కొలిచి వేయండి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆ వెడల్పులో రెండు పక్కలా ఒక్కో మీటరు పట్టీ, అదే లాబీ. నడిమి గీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత), అక్కణ్నుంచి ఇంకో మీటరుకు బోనస్ లైన్ (దాటితే అదనపు పాయింటు వచ్చే గీత), ఆ వెనక మిగిలేది 1.75 మీటర్లే. మహిళల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. బాక్ లైన్ 3 మీటర్లకు, బోనస్ లైన్ 4 మీటర్లకు వస్తాయి. ఉజ్జాయింపుగా గీసిన కోర్టులో అలవాటుపడిన కార్నర్, మ్యాచ్‌లో వెనక్కి తగ్గేటప్పుడు మడమ గీత దాటించి పట్టకుండానే అవుటవుతాడు. మన నల్లరేగడి నేల ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. దాని మీద జల్లెడ పట్టిన మట్టీ ఇసుకా కలిపి పరిచి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి రోలర్ తిప్పండి. పొద్దున్నే ఒకసారి గులకరాళ్లు ఏరించండి.

ఏడుగురినీ 2-3-2గా నిలబెట్టండి. రెండు చివర్లా కార్నర్, అతని లోపలి పక్కన ఇన్ ఆటగాడు ఒక జంట. మధ్యలో రెండు కవర్లూ సెంటరూ కలిసి ముగ్గురు. ఏ గుంపుకు ఆ గుంపు చేతులు కలిపి ఉండాలి. వేళ్లలో వేళ్లు దూర్చనివ్వకండి, వదలడం ఆలస్యమై వేళ్లు బెణుకుతాయి. నాలుగు వేళ్లు మడిచి తగిలించుకుంటే చాలు. రైడర్ ఎడమ కార్నర్ మీదికి వెళ్తే ఆ పక్కవాళ్లు వెనక్కి తగ్గాలి, కుడి పక్కవాళ్లు ముందుకొచ్చి అతని వెనక దారి ఇరుకు చేయాలి. అక్కడే నిలబడిపోతే రైడర్ తిరిగి పరుగెత్తడానికి అటు సగం కోర్టు ఖాళీగా దొరుకుతుంది.

యాంకిల్ హోల్డ్‌కు, అంటే చీలమండ పట్టుకు, సరైన అదను రెండుసార్లు దొరుకుతుంది: బోనస్ కోసం ఒక కాలు చాపి రెండోది గాల్లో ఉంచినప్పుడు, వెనక్కి తిరగడానికి బరువంతా ఒక్క కాలి మీద వేసినప్పుడు. బోనస్ ఇచ్చేది కోర్టులో ఆరుగురో ఏడుగురో డిఫెండర్లు ఉన్నప్పుడే కాబట్టి, ఐదుగురే మిగిలితే రెండో అదను కోసమే కాచుకోండి. మోకాళ్లు వంచి, నడుం కిందికి దించి, రెండు చేతులతో చీలమండ పట్టి ఛాతీ వైపు లాక్కుంటూ పైకెత్తాలి. తల అతని మోకాలికి ఎదురుగా ఉండకూడదు, బయటి పక్కన ఉంచాలి. చేతులు చాపి బోర్లా పడినవాణ్ని రైడర్ ఈడ్చుకుంటూనే నడిమి గీత చేరతాడు.

తాకిన ఆ క్షణమే లాబీ కూడా ఆటలోకి వస్తుంది. అప్పటిదాకా లాబీలో అడుగు పెడితే అవుట్, ఇప్పుడు అదే అటు ఇటు ఒక్కో మీటరు దారి. చాలా కాలేజీ జట్లు ఇక్కడే పాయింట్లు పోగొట్టుకుంటాయి. కార్నర్ కాలు పట్టగానే ఇన్ ఆటగాడు లాబీ వైపు మూసేయాలి, సాయం పేరుతో అదే కాలు మీద పడకూడదు.

ఇక కవర్. ఇతను రైడర్‌ని వెనక నుంచి తరమకూడదు, అతనికీ నడిమి గీతకూ మధ్యకు చేరాలి. కాళ్లు ఎడంగా, ఛాతీ రైడర్ నడుం ఎత్తులో. ఈ అడ్డు ఎక్కడ వేస్తాడన్నది ముఖ్యం. పొడగరి రైడర్ ముందుకు పడి చెయ్యి చాపితే రెండు మీటర్లకు పైగా అందుతాడు, వేలి కొన అవతలి నేలను తాకినా పట్టినవాళ్లందరూ అవుటే. కాబట్టి అడ్డు బాక్ లైన్ దగ్గర పడాలి. అక్కణ్నుంచి మీటరు ముందుకు జరిగినా ఆలస్యమే. ఛాతీతో ఆపాక సెంటర్ తొడ పడతాడు: భుజం తుంటికి ఆనించి, రెండు చేతులూ తొడ చుట్టూ కలిపి.

పట్టు కాళ్లూ చేతులూ మొండెం వరకే. బట్టలు, జుట్టు పట్టుకోకూడదు, కూత ఆపడానికి నోరు మూయకూడదు, కాళ్లతో కత్తెర వేయకూడదు.

సాధన నడకతో మొదలుపెట్టండి. రైడర్ నడుస్తాడు, ఎవరూ పట్టరు, ఎవరి చోటికి వాళ్లు కదులుతారు. ఎడమకు పది, కుడికి పది. తర్వాత సగం వేగం, ఆ పైన 30 సెకన్ల పూర్తి రైడ్. పట్టు జారిన ప్రతిసారీ అక్కడే ఆపి రెండోవాడు ఎక్కడున్నాడో చూడండి, తప్పు చాలాసార్లు అతని దగ్గరే తేలుతుంది. ఎండాకాలంలో ఇదంతా ఏడు గంటల్లోపు అయిపోవాలి, ఉప్పు వేసిన మజ్జిగ గ్రౌండులోనే ఉండాలి.

ఆధిక్యంలో ఉన్నప్పుడు ప్రతి రైడర్‌నూ పట్టక్కర్లేదు. నలుగురు మీద పడి జారవిడిస్తే ఎదుటి జట్టుకు నాలుగు పాయింట్లు. వరుసగా రెండు ఖాళీ రైడ్లు పోనిస్తే మూడోది డూ ఆర్ డై (పాయింటు తేకపోతే రైడర్ అవుట్), అప్పుడు అతనే లోపలికి రాక తప్పదు. ముగ్గురే మిగిలినప్పుడు లెక్క మారుతుంది: ముగ్గురో అంతకన్నా తక్కువో ఉండి రైడర్‌ని పడితే అది సూపర్ ట్యాకిల్, దానికి రెండు పాయింట్లు. ఇద్దరు కార్నర్లనూ ఒక కవర్‌నూ ఉంచుకున్న జట్టుకు అది సాధ్యమే కాబట్టి, వారానికి ఒక రోజు ముగ్గురితోనే ఆడించండి. పోటీ మ్యాట్ మీదైతే కనీసం పది రోజుల ముందు నుంచి షూ వేసుకునే సాధన చేయాలి. మట్టిలో జారే కాలు మ్యాట్ మీద పట్టేస్తుంది, ఒళ్లు తిరిగినా పాదం తిరగక మోకాలు మెలిపడుతుంది.